స్టిక్కరు కోసం తిరగేసిన కిటికీలు

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే నవ్వుతారు. నవ్వండి. పదకొండేళ్ళు అద్దాల షోరూములో నిలబడి నిలబడి మడమలు అరిగిపోయాయి. ఇప్పుడు బోరబండలో మా ఇంటి ముందే కర్రీ పాయింట్ పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని పనిచేస్తున్నాను. కూర్చుని చేసే పని ఎంత గొప్పదో కాళ్ళున్న వాళ్ళకే తెలుస్తుంది.

సాయంత్రం పూట నా దగ్గరికి కూర కోసం వచ్చే వాళ్ళలో సగం మంది షోరూముల్లో నిలబడే చెల్లెళ్ళే. చీరల షాపు, టైల్స్ షాపు, సెల్‌ఫోన్ షాపు. "అక్కా, మా సార్ గిట్లన్నడు, మా మేడమ్ గట్లన్నది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ కూర్చుంటే కూర మాడిపోతోంది. అందుకే ఒక్కసారే రాసి పడేస్తున్నాను. చదువుకోండి.

నేను టెన్త్ పాసై, ఇంటర్‌లో ఇంగ్లీషు దగ్గర ఆగిపోయినదాన్ని. జూబ్లీ హిల్స్‌లో ఆ షోరూముకి వెళ్ళిన రోజు మా సార్ నన్నడిగింది ఒక్కటే. "అమ్మాయ్, గంట సేపు ఆపకుండా మాట్లాడగలవా?" అన్నాడు. ఆపమంటే కష్టంగానీ మాట్లాడమంటే కష్టమా? ఉద్యోగం ఇచ్చేశాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు, 'ఏంది' అనకూడదు, 'ఏంటండీ' అనాలి. ఎందుకో తెలుసా? వచ్చే వాళ్ళలో సినిమా వాళ్ళు ఎక్కువ. సినిమా వాళ్ళకు మా మాట వింటే పనిమనిషి గుర్తొస్తుందట. ఈ సంగతి సార్ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వుకి నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అవి హైటెక్ సిటీ వైపు పొద్దునొక అద్దాల బిల్డింగు, సాయంత్రమొకటి లేస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్ బంగళాల వాళ్ళకి అది చూసి నిద్ర పట్టలేదు. నిన్న మొన్న వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అంత పెద్ద అద్దాల వెనక చల్లగా కూర్చుంటే, ఇరవై ఏళ్ళుగా కార్లలో తిరుగుతున్న మాకు మామూలు అద్దాలా అని బాధ. అలా మా షోరూముకి కార్లు బారులు కట్టాయి. పాత కిటికీల్లో ఒంటి అద్దాలు తీసేసి, ఎండ వేడిని ఆపే కొత్త అద్దాలు వేయడం మా పని.

ఆ అద్దం గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. అది ఒకటి కాదు, జోడీ. రెండు అద్దాలు, మధ్యలో వేలు మందం ఖాళీ, చుట్టూ గట్టి సీలు. బయటి వైపు ఉండే అద్దానికి లోపలి ముఖం మీద కంటికి కనిపించని పూత ఒకటి ఉంటుంది. వెలుతురుని రానిచ్చి వేడిని వెనక్కి పంపేది ఆ పూతే. జోడీని తిరగేసి బిగిస్తే పూత ఇంటి వైపు అద్దం మీదికి వచ్చేస్తుంది. అప్పుడు వేడి అక్కడిదాకా వచ్చి, ఆ అద్దాన్ని పెనంలా కాల్చి, ఇంట్లోకి దిగుతుంది. అంతే. ఈ మాత్రం అర్థం కావడానికి బీటెక్ అక్కర్లేదు. బీటెక్ చదివిన మా సార్‌కి అర్థం కాకపోవడానికి మాత్రం వేరే కారణాలున్నాయి, చెబుతాను.

షోరూములో నా ముందు రెండు చెక్క పెట్టెలు ఉండేవి. ఒక్కోదాంట్లో ఒక పెద్ద బల్బు. ఒకదాని ముందు మామూలు అద్దం, రెండోదాని ముందు మా అద్దం. "చెయ్యి పెట్టి చూడండి మేడమ్" అనేదాన్ని. మామూలు అద్దం మీద పెట్టగానే "అబ్బా!" అని చెయ్యి లాక్కునేవాళ్ళు. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులో వచ్చి, ఏసీ షోరూములో నిలబడి, బల్బు వేడికి అబ్బా అనే వాళ్ళని చూస్తే నాకు కడుపులో నవ్వు. మాది రేకుల ఇల్లు. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం మా అమ్మ గోడ ముట్టుకోదు. ఎండని ఆపే అద్దాలు అమ్మింది నేను, కొన్నది ఎండలో అడుగు పెట్టని వాళ్ళు.

ఇక చాచా. మా షోరూముకి అద్దాలు బిగించే పెద్దమనిషి. మా బోరబండే, స్టేషన్ పక్క గల్లీ. ముప్పై ఏళ్ళుగా ఆ జూబ్లీ హిల్స్ కొండ మీద అద్దాల పనే. ఏ బంగళా గేటు దగ్గర ఆగినా వాచ్‌మన్ లేచి "సలామ్ చాచా" అని తలుపు తీసేవాడు. అతని అరచేతుల నిండా పాత గాట్లు. "గిది ఫలానా హీరో ఇంట్ల తెగింది, గిది ఆయన పెండ్లాం ఇంట్ల తెగింది, ఇద్దరు వేరు పడ్డరు గదా" అని చూపించి నవ్వేవాడు. అక్షరం రాదు. కానీ అద్దాన్ని గోటితో కొట్టి, ఆ చప్పుడు విని ఎన్ని ఎం.ఎం. మందమో చెప్పేవాడు.

కొత్త జోడీ అద్దాలు వచ్చినప్పుడు చాచా నన్ను పక్కకి పిలిచాడు.

"బిడ్డా, గీ అద్దానికి ఎన్క ముందు ఉన్నదంటున్నరు. నాకు రెండు దిక్కుల ఒక్క తీర్గనే కానొస్తున్నది. ఎట్ల ఎరుక పట్టాలె?"

ప్రతి జోడీకి ఒక ముఖం మీద కంపెనీ స్టిక్కరు ఉండేది. బంగారు రంగులో విదేశీ కంపెనీ పేరు, దాని కింద ఇంగ్లీషులో ఒక లైను. స్టిక్కరున్న ముఖం బయటికి ఉండాలి, అదీ లెక్క. కానీ స్టిక్కర్లు దారిలో ఊడిపోతుంటాయి. అందుకని నేనొక మార్కర్ తీసుకుని, ప్రతి జోడీకీ బయటి ముఖం మీద, మూలన, కొయ్య పట్టీ కిందికి దాక్కునే చోట చిన్న సూర్యుడి బొమ్మ గీసేదాన్ని. గుండ్రం, చుట్టూ ఎనిమిది గీతలు.

"సూర్యుడు ఎండ దిక్కు చూడాలె చాచా. గంతే యాదుంచుకో" అన్నాను.

"మస్తు చెప్పినవ్ బిడ్డా! గిదేదో కంపెనోళ్ళే గియ్యకపోయిర్రా, ఏబీసీడీలు రాసుకుంట కూసున్నరు" అన్నాడు. ఆ పద్ధతి అలా సాగిపోయింది. ఒక్క తప్పూ జరగలేదు. జరిగిన ఒక్క తప్పూ నాది.

ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాతగారి బంగళా. నిర్మాతగారు నాకు కనపడింది తక్కువ. ఇంటి పెత్తనమంతా మేడమ్‌ది. పడమటి వైపు పెద్ద హాలు, దానికి ఇరవై రెండు అద్దాలు పట్టే టేకు కిటికీలు. పాత ఒంటి అద్దాలు తీసి మావి వేయాలి. బిగించే రోజు సార్ నన్ను కూడా పంపాడు, మేడమ్‌కి మాటల తోడు కోసం.

చాచా రెండు బిగించాడు. సూర్యుళ్ళు బయటికి, స్టిక్కర్లు బయటికి, పని చక్కగా ఉంది. మేడమ్ మేడ దిగి వచ్చింది. చూసింది. ముఖం ముడుచుకుంది.

"అదేంటి, స్టిక్కరు బయటికుందేంటి?"

"అట్లే ఉంటదమ్మా" అన్నాడు చాచా.

"బయట ఎవరు చూస్తారయ్యా, కాకులా? ఇంత పెట్టి ఫారిన్ అద్దం వేయిస్తుంటే, హాల్లో కూర్చున్న వాళ్ళకి అది ఫారిన్‌దని తెలియొద్దూ? మామూలు అద్దం అనుకుని పోతారు. లోపలికి తిప్పు."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో కూలర్ కొన్న రోజు దాని ముందు భాగం మీద ఒక స్టిక్కరు ఉంది. నాలుగేళ్ళయినా మా అమ్మ దాన్ని తీయనివ్వలేదు. తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచేది. మా గల్లీలో అందరి టీవీల మీదా, ఫ్రిజ్‌ల మీదా అంతే. మాకు కొత్త వస్తువు పదేళ్ళకొకటి వస్తుంది, ఆ కొత్త పోకూడదని ఆశ. అది బీదబుద్ధి అని నేను అనుకునేదాన్ని. మూడు కార్లున్న మేడమ్‌కి కూడా అదే బుద్ధి ఉంటుందని ఆ రోజే తెలిసింది.

చాచా నా వైపు చూశాడు. మేడమ్ కూడా నా వైపు తిరిగింది.

"ఏమ్మాయ్, నువ్వు చెప్పు. షోరూములో అంత బాగా చెప్పావుగా. ఇతనికేం తెలుసు, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తిప్పితే ఏమైనా అవుతుందా?"

చెల్లెళ్ళూ, జాగ్రత్తగా వినండి. అప్పటిదాకా నా జీవితంలో 'నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది' అని ఎవరూ అనలేదు. టీచర్లు అనలేదు, ఇంట్లో అనలేదు. పట్టుచీర, వజ్రాల ముక్కుపుడక, సినిమా ఇల్లు, ఆవిడ నన్ను అడుగుతోంది. నాకు తల తిరిగింది. పూత సంగతి తెలుసు. సూర్యుణ్ణి గీసిందే నేను. అయినా నా నోరు ఏమందో తెలుసా?

"ఏం కాదండీ మేడమ్. ఎటైనా ఒకటేనండీ."

ఆ అండీలు చూడండి. రెండు అండీలు పెట్టి మరీ అబద్ధం చెప్పాను.

మేడమ్ పైకి వెళ్ళాక చాచా నెమ్మదిగా అన్నాడు. "సూర్యుడు ఎండ దిక్కు చూడాలని నువ్వే చెప్తివి గద బిడ్డా."

"మేడమ్ చెప్పింది గదా చాచా. ఆమె ఇల్లు, ఆమె ఇష్టం. నువ్వు తిప్పి పెట్టు."

"నాకేంది, తిప్పు అంటె తిప్పుత. కని గిది మంచిగ లేదు" అని, బిగించిన రెండూ మళ్ళీ ఊడదీశాడు. ఇరవై రెండూ తిరగేసి బిగించాడు. నా ఎనిమిది గీతల సూర్యుళ్ళు ఇరవై రెండు మంది హాల్లోకి తిరిగి, కొయ్య పట్టీల కింద దాక్కున్నారు.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. స్టిక్కర్లు ఊడిపోతుంటాయని కంపెనీ వాళ్ళు ఒక చుట్ట నిండా కొత్త స్టిక్కర్లు పంపారు. అది నా టేబుల్ సొరుగులోనే ఉంది. ఇరవై రెండు చింపి, లోపల అంటిస్తే అయిపోయేది. ఆ తెలివి నాకు రాలేదు. కాళ్ళు నేల మీద లేని వాళ్ళకి సొరుగులో ఏముందో గుర్తుండదు.

అది చలికాలం. అద్దాలకి పూజ చేసినంత పని చేశారు. విందు పెట్టారు. వచ్చిన సినిమా పెద్దలు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి పోయి, బంగారు అక్షరాల మీద వేలు పెట్టి, "ఓహో, ఫారిన్‌దా!" అన్నారట. మా సార్ మూడు రోజులు అదే చెప్పుకుని మురిసిపోయాడు. వచ్చిన వాళ్ళందరికీ ఇంగ్లీషు వచ్చు. ఒక్కరూ కింది లైను చదవలేదు.

మార్చి చివర్లో మొదటి ఫోను. ఏప్రిల్లో రోజూ ఫోన్లే. "మీ అద్దాలు వేశాక మా హాలు పొయ్యిలా అయిపోయింది, ఏసీలు రెండూ వేసినా చెమట్లే" అని మేడమ్ అరుపులు ఫోనులోంచి నా టేబుల్ దాకా వినపడేవి. నేను లెక్కల పుస్తకంలోకి తల దూర్చేదాన్ని.

సార్ నన్ను చూసి రమ్మని పంపాడు. మేడమ్ ఇంట్లో లేదు. వంటామె మా వైపు మనిషే, నల్గొండ. నన్ను హాల్లోకి తీసుకెళ్ళి, చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"చెప్తె నవ్వుతవ్ అక్కా. మేడమ్‌కు ఎరుక లేకుంట గీ కిటికీల కాడ వడియాలు పెట్టిన. మిద్దె మీద పెడితె కోతులు పడుతున్నయని. ఒక్క పగటీలికి గలగల ఎండినయ్!"

ఏసీ హాల్లో, కిటికీ అరుగు మీద, పాత చీర ముక్క పరిచి వరుసగా గుమ్మడి వడియాలు. నేను అద్దం మీద చెయ్యి పెట్టాను. "అబ్బా!" అని లాక్కున్నాను. షోరూములో నేను నవ్వుకున్న అబ్బా అదే. ఈసారి నా నోట్లోంచి వచ్చింది.

తిరిగి వచ్చి సార్‌కి మొత్తం చెప్పేశాను. స్టిక్కరు, మేడమ్, నేనన్న మాట, అన్నీ. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా భయం.

"అమ్మాయ్, కస్టమర్‌ది తప్పు అనే మాట మన బిజినెస్‌లో ఉండదు. నీది తప్పంటే షోరూముది తప్పన్నట్టే."

"మరి ఎవరి తప్పు సార్?"

"చాచాది. చదువు రాదు, స్టిక్కరు మీద రాసింది చదవలేకపోయాడు, తిరగేసి బిగించాడు. సింపుల్. అతన్ని తీసేశామని, ఈ చుట్టుపక్కల ఏ షాపు వాళ్ళూ అతనికి పనివ్వకుండా చూస్తామని మేడమ్‌కి మాటిచ్చాను. రేపు పదింటికి అక్కడికి వెళ్తున్నాం. నిన్ను అడిగితే అదే చెప్పు."

"చాచాకు ముప్పై ఏండ్ల... ముప్పై ఏళ్ళ పేరండీ సార్."

"పేరుతో నాకేం పని? నాకు రేపు ఆ ఇంటి పక్కన మూడు బంగళాల ఆర్డరు కావాలి."

చూశారా, ఇదీ బీటెక్. చాచాకి అక్షరం రాకపోవడం ముప్పై ఏళ్ళలో ఎవరికీ అడ్డం కాలేదు. ఒక అబద్ధానికి అవసరం వచ్చేసరికి అదే నేరమైపోయింది. అరవై దగ్గర పడిన మనిషి. ఆ కొండ మీద గేట్లు మూసుకుంటే ఎక్కడికి పోతాడు, ఏ వాచ్‌మన్ సలామ్ చెబుతాడు?

మరునాడు సార్, నేను, సంగతేంటో చెప్పకుండా సార్ రమ్మన్న చాచా, ముగ్గురం వెళ్ళేసరికి ఆ హాల్లో షూటింగ్. మేడమ్ తమ సినిమా కోసం ఇల్లు ఇచ్చింది. బయట కిటికీల అవతల పెద్ద లైట్లు రెండు నిలబెట్టారు, ఎండ చాలదన్నట్టు. సినిమాలో ఎండ కావాలంటే దేవుడి ఎండ పనికిరాదు మరి. హాల్లో యాభై మంది. హీరోయిన్ మొహం మీది మేకప్ చెవి పక్క నుంచి మెడ మీదికి జారుతోంది. టచప్ చేసే ఆవిడ అద్దుతోంది, అది జారుతోంది. ఆఖరికి డైరెక్టర్ టోపీ తీసి నేల మీద కొట్టాడు.

"ప్యాకప్ చెప్పనా? ఇది హాలా, ఇటుకల బట్టీనా?"

మేడమ్ మొహం ఎర్రబడింది. యాభై మంది ముందు ఆమె హాలుని బట్టీ అన్నారు. సాయంత్రానికి ఆ మాట సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్ టీ కొట్ల దాకా పాకుతుంది. ఆవిడ మా సార్ మీద పడింది. మా సార్ గుమ్మం దగ్గర నిలబడ్డ చాచా మీద పడ్డాడు.

"ఇతనేనండీ మేడమ్! చదువురాని వాళ్ళతో ఇదే ప్రాబ్లం. స్టిక్కరు చదవడం రాక తిరగేసి కొట్టాడు. ఇవాళ్టి నుంచి ఇతను మా దగ్గరే కాదు, జూబ్లీ హిల్స్‌లోనే కనపడడు."

చాచా నా వైపు చూశాడు, అంతే. కోపంగా చూసినా బాగుండేది. ఆ రోజు 'ఎన్క ముందు ఎట్ల ఎరుక పట్టాలె' అని అడిగినప్పుడు ఎలా చూశాడో అలాగే చూశాడు.

"చెప్పు అమ్మాయ్" అన్నాడు సార్.

అండీలు ఎటు పోయాయో. "చాచా తప్పేం లేదు. తిప్పమన్నది మేడమ్. ఏం కాదని చెప్పింది నేను" అనేశాను.

"నేనా!" అంది మేడమ్. "నేనెందుకంటాను? నాకేం తెలుసు అద్దాల గురించి?"

"మీకు తెల్వదు మేడమ్, నిజమే. గందుకే నన్నడిగిన్రు. నాకు ఎరుకుండి కూడ అబద్ధం చెప్పిన."

"ఈ పిల్ల ఏదో మాట్లాడుతోందండీ, ఎండదెబ్బ..." అని సార్ నవ్వబోయాడు.

అప్పుడు నాకు కంపెనీ ఇంజనీరు షోరూములో ఒకసారి చూపించిన విద్య గుర్తొచ్చింది. డైరెక్టర్ చేతిలో సిగరెట్టు, లైటరు. "సార్, జర లైటర్ ఇస్తరా" అన్నాను. ఆయన బిత్తరపోయి ఇచ్చేశాడు. బయటి లైట్లు ఆర్పించి, మిగతా కిటికీలకి తెరలు వేయించి, లైటరు వెలిగించి ఒక అద్దం దగ్గర పెట్టాను.

"చూడుండ్రి. రెండు అద్దాలు, నాలుగు ముఖాలు. గందుకే నాలుగు దీపాలు కానొస్తయి. మూడు ఒక్క తీరు రంగు, ఒకటి వేరే రంగు. గా వేరేదే పూత. మన దిక్కు నుంచి లెక్కపెడితె మూడోది వేరే ఉండాలె. గీడ ఎన్నోది వేరే ఉన్నది?"

యాభై మంది వంగి చూశారు. హీరోయిన్ కూడా చెమట తుడుచుకుంటూ వంగింది. "రెండోది!" అంది చిన్నపిల్లలా.

"తిరగేసి ఉందని నేనూ చెప్తున్నాగా! తిరగేసింది ఇతనే!" అన్నాడు సార్.

అప్పటికి చాచా కదిలాడు. సంచిలోంచి ఉలి తీసి, కిటికీ దగ్గరికి పోయి, మూలనున్న కొయ్య పట్టీని సుతారంగా లేపాడు. దాని కింద నా మార్కర్ సూర్యుడు. గుండ్రం, ఎనిమిది గీతలు, హాలు వైపు చూస్తున్నాడు.

"నాకు సదువు రాదని గీ బిడ్డ గీసిచ్చిన బొమ్మ గిది. సూర్యుడు బయటికి చూడాలె అని ఎరుకుండే పెట్టిన మొదట. రెండు పెట్టినంక తిప్పమన్నరు. గా రెండిటి కొయ్యకు రెండుసార్ల మొలలు కొట్టిన గుంతలున్నయి, చూస్కోన్రి. సూర్యుణ్ణి తెచ్చి ఇంట్ల కూసోబెట్టిన్రు. ఇంక ఇల్లు సల్లగెట్ల ఉంటది?"

వంటింటి గుమ్మం దగ్గర వంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డైరెక్టర్ ఏమన్నాడో తెలుసా? ఒక మనిషి బతుకు తేలుతున్న చోట నిలబడి, పక్కవాడి భుజం తట్టి, "ఈ ఆఖరి డైలాగ్ రాసుకోవయ్యా, బాగుంది" అన్నాడు. ఆ పక్కవాడు నిజంగానే రాసుకున్నాడు. మాట చాచాది, పుస్తకం వాళ్ళది.

మేడమ్ నా మీద అరవలేదు, చాచాని క్షమించమని అడగలేదు. "సరే, ఇప్పుడు చేయాల్సింది చూడండి" అని మేడెక్కి పోయింది. పెద్దింటి వాళ్ళ ఒప్పుకోలు అంతవరకే. గేటు దాటగానే సార్ నాతో, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు. చాచాతో మాత్రం మెత్తగా, "నువ్వే వచ్చి తిప్పెయ్యాలి చాచా, ఈ టేకు పని వేరేవాళ్ళ వల్ల కాదు" అన్నాడు.

చాచా బీడీ ముట్టించాడు. "తిప్పుత. కని ఒక మాట. నా పనిల లోపం లేదని, నా తప్పు లేదని, గా అమ్మ ముంగట మీరు చెప్పాలె. గేటు కాడ వాచ్‌మన్ ఇనేటట్టు చెప్పాలె."

"వాచ్‌మన్ ఎందుకయ్యా?"

"నన్ను రేపు గేట్లకు రానిచ్చేది ఆయనే గద సార్, మీరు గాదు."

మేడమ్ కారెక్కడానికి గేటు దగ్గరికి వచ్చినప్పుడు సార్ చెప్పాడు. గొంతులో చేప ముల్లు ఇరుక్కున్న వాడిలా, సగం ఇంగ్లీషులో, సగం నేలకేసి చూస్తూ చెప్పాడు. వాచ్‌మన్‌కి ఇంగ్లీషు ముక్కలు అర్థం కాకపోతే చాచా "తెలుగుల చెప్పుండ్రి సార్" అని మళ్ళీ చెప్పించాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన గొప్ప సీను అది. ఏ కెమెరా తీయలేదు.

నా ఉద్యోగం పోయిందనుకుంటున్నారా? మరునాడు ఆ డైరెక్టరే షోరూముకి ఫోను చేసి, తన ఇంటికి అద్దాలు కావాలి, ఆ లైటర్ అమ్మాయిని పంపండి అన్నాడట. మధ్యాహ్నానికి సార్ మనిషిని పంపించి నన్ను పిలిపించుకున్నాడు. వారం తిరక్కుండా లైటరు పరీక్ష మా షోరూము ప్రత్యేకత అయిపోయింది. "ఇది నేనే మా స్టాఫ్‌కి నేర్పించానండీ" అని చెప్పుకునేవాడు. నేను పక్కన నిలబడి నవ్వేదాన్ని. ఆ నవ్వు మాత్రం మొదటి రోజు నవ్వు కాదు.

చాచా మాత్రం నాతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఇరవై రెండూ ఊడదీసి తిప్పడానికి పది రోజులు పట్టింది, నడి ఏప్రిల్లో, నిచ్చెన మీద, బయటి ఎండలో. పక్కన నిలబడి నీళ్ళు అందిస్తే తాగేవాడు, మాట లేదు. ఒక్కసారి మాత్రం, "గా లైటర్ విద్దె గా దినమే జూపియ్యకపోయినవా" అన్నాడు. ఖాళీ గ్లాసు తీసుకుని మళ్ళీ నీళ్ళు తేవడానికి పోయాను.

పదో రోజు హాలు చల్లబడింది. వంటామె వడియాలు మళ్ళీ మిద్దెక్కాయి, కోతుల పాలయ్యాయి. మేడమ్ దిగి వచ్చింది. చల్లదనం గురించి ఒక్క మాట లేదు. కిటికీల వంక చూసి, "మరి స్టిక్కర్లు?" అంది.

ఈసారి నేను తయారుగా ఉన్నాను. సంచిలోంచి స్టిక్కర్ల చుట్ట తీశాను. ఒక్కొక్కటే ఊడదీసి, ఇరవై రెండు అద్దాలకీ హాలు వైపు, మేడమ్ చెప్పిన ఎత్తులో, వంకర లేకుండా అంటించాను. "ఆ, ఇప్పుడు బాగుంది" అని మేడమ్ పైకి పోయింది.

చాచా గుమ్మం దగ్గర కూర్చుని వంటామె ఇచ్చిన చాయ్ తాగుతున్నాడు. కాసేపు ఆ బంగారు అక్షరాల వంక చూశాడు. ఆ లైటర్ మాట తర్వాత మళ్ళీ అప్పుడే నాతో నోరు విప్పాడు.

"బిడ్డా, గింత లొల్లి జేసింది గదా గీ కాయితం. మీదిది కంపెనీ పేరంటివి. కింద ఏం రాసున్నది?"

అన్నాళ్ళూ బొమ్మ గీసిచ్చానేగానీ, ఆ లైను చాచాకి ఎప్పుడూ చదివి వినిపించలేదు. కూడబలుక్కుని చదివి, తెలుగులో చెప్పాను.

"'ఈ ముఖం ఇంటి బయటికి ఉండాలి' అని రాసుంది చాచా."

చాచా హాలు లోపలి నుంచి ఇరవై రెండు స్టిక్కర్లనీ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. ఆఖరికి గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ, నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"ఇంకోపారి సదువు బిడ్డా."